శనివారం లెక్కలు

నేను నాస్తికుణ్ణి. ఈ ముక్క ముందే చెప్పేస్తే తర్వాత రాసేది చదివి మిత్రులెవరూ కంగారు పడకుండా ఉంటారు. రెండేళ్ళుగా ప్రతి శనివారం పొద్దున్న పదింటికి నేను ఖరగ్‌పూర్ నింపురాలో ఒక ఇంటికి వెళ్ళి, యూదుల తోరాలో ఆ వారానికి వచ్చిన భాగం మీద వాదించి, ఫ్లాస్కులో టీ తాగి, ఒంటిగంటకి ఇంటికొస్తున్నాను. మా ఆవిడ దీన్ని "మీ శనివారం వ్రతం" అంటుంది. ఆడిట్ అంటాను నేను.

ఖరగ్‌పూర్‌లో యూదులెక్కడి నుంచి వచ్చారని అడుగుతారు. ఎక్కణ్ణుంచీ రాలేదు. నాకు తెలిసి ఉన్నది ఒక్కడే, వాడూ తెలుగువాడే, నాతోపాటు రైల్వే క్వార్టర్లలో పెరిగినవాడే. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు పెట్టిన నాటినుంచీ మన జిల్లాలవాళ్ళు పనికోసం వచ్చి ఉండిపోయారు. మాది టెక్కలి వైపు. వాడి తాత గుంటూరు జిల్లా పొన్నూరు వైపు నుంచి వచ్చాడు. మాదిగలు, మూడు తరాలుగా బాప్టిస్టులు. వాడు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి అక్కడే రిటైరయ్యాడు. నేను బీకాం చదివి రక్షణ శాఖ పద్దుల్లో పడి, దేశమంతా తిరిగి, ఆఖరికి మళ్ళీ ఇక్కడికే చేరాను. మేమిద్దరం ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్ళం. అంచేత ఇక్కడ కూడా 'వాడు' అనే రాస్తాను, పేరు మాత్రం రాయను.

వాడి అత్తగారి ఊరు చేబ్రోలు దగ్గర. అక్కడికి దగ్గర్లో కొత్తరెడ్డిపాలెం అని ఒక పల్లె. 1980ల చివర్లో షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు, తాము ఇశ్రాయేలీయుల పది తప్పిపోయిన గోత్రాల్లో ఎఫ్రాయీము గోత్రం వాళ్ళమని ప్రకటించారు. కొన్ని మాదిగ కుటుంబాలు వాళ్ళ వెంట నడిచాయి. 1990ల మొదట్లో ఆ పల్లెలో ఒక సినగాగ్ వెలిసింది. ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. శనివారం పని మానేసి హీబ్రూ ప్రార్థనలు నేర్చుకున్నారు. వీళ్ళని బ్నే ఎఫ్రాయిమ్ అంటారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు వీళ్ళ మీద రాసిన పుస్తకం 2013లో వచ్చింది. మణిపూర్, మిజోరం వైపున్న బ్నే మెనషేలను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ గుర్తించాడు. మన తెలుగువాళ్ళకి అలాంటి గుర్తింపు రాలేదు.

గోత్రం సంగతి నాకు ఒక్క నిమిషం కూడా నమ్మశక్యంగా లేదు. అస్సీరియా వాళ్ళు ఉత్తర ఇశ్రాయేలును కూలగొట్టింది క్రీస్తుపూర్వం 722 ప్రాంతంలో. అక్కణ్ణుంచి చేబ్రోలు దాకా ఉన్న దారికి ఒక్క వోచరు లేదు. ఇదే మాట వాడితో అన్నాను. "నాక్కూడా తెలీదురా" అన్నాడు. "మా అత్తగారి ఊళ్ళో చూశాను, నచ్చింది. పుట్టుక సంగతి పక్కనపెట్టు. పుట్టుక అడిగేవాళ్ళని చిన్నప్పట్నుంచీ చూశాను కదా."

ఇంతకీ నేను ఎలా ఇరుక్కున్నానంటే, వాడికి ఇంగ్లీషు సరిగ్గా రాదు. తోరా చదవడానికి తెలుగు బైబిల్లో మొదటి ఐదు కాండాలున్నాయి, కానీ వ్యాఖ్యానాలన్నీ ఇంగ్లీషులోనే దొరుకుతాయి. వాడి కూతురు బెంగళూరు నుంచి వచ్చినప్పుడు సెఫారియా అనే వెబ్‌సైటు ఫోన్లో పెట్టి చూపించింది. తాల్ముడ్ మొత్తం అందులో ఉచితం. శనివారం వాడు ఫోను ముట్టుకోడు. అంచేత శుక్రవారం మధ్యాహ్నం నేను వెళ్ళి చదివి తెలుగులో చెప్తాను, శనివారం జ్ఞాపకం మీద వాదించుకుంటాం. నాస్తికుడు దుబాసీ అన్నమాట.

పద్ధతి సులువే. ఐదు కాండాల్నీ 54 భాగాలు చేసి, ఏడాది పొడవునా వారానికి ఒకటి చొప్పున చదువుతారు. కొన్ని వారాల్లో రెండు కలిపేస్తారు. ఆఖరి భాగం అయిన రోజే మళ్ళీ ఆదికాండం మొదటి వాక్యం మొదలెట్టేస్తారు, మార్చి 31న పుస్తకాలు మూసి ఏప్రిల్ 1న తెరిచినట్టు. సినగాగ్‌లో తోరా చుట్ట తీసి చదవాలంటే పదిమంది వయసొచ్చిన యూదు మగవాళ్ళు ఉండాలి. మా దగ్గర ఒకడున్నాడు, వాణ్ణి కూడా లెక్కలోకి తీసుకోరు. అందరికంటే దగ్గరి సినగాగ్‌లు కలకత్తావి, రైల్లో సుమారు 115 కిలోమీటర్లు. వాడు ఒకసారి నన్ను మఘెన్ డేవిడ్‌కి తీసుకెళ్ళాడు. 1884లో కట్టిన ఎర్ర ఇటుకల భవనం, ఎత్తయిన గడియారం గోపురం. భక్తులు దాదాపు లేరు, దాన్ని తరతరాలుగా చూసుకుంటున్నది ముస్లిం కుటుంబాలు. వచ్చేటప్పుడు న్యూ మార్కెట్‌లో నాహూమ్స్ కేకు కొన్నాం. కోషరా కాదా అని వాడు చాలాసేపు ఆలోచించాడు. నేను ఆలోచించలేదు.

ఆజ్ఞలు మొత్తం 613. చేయాల్సినవి 248, చేయకూడనివి 365. ఎందుకు 365 అంటే ఏడాదికి రోజులన్ని కాబట్టి అంటుంది తాల్ముడ్. అంటే మొత్తం ముందు వేసుకుని ఐటమ్స్ తర్వాత సర్దారని నా అనుమానం. బడ్జెట్లు నేనూ చూశాను. పన్నెండో శతాబ్దంలో మైమోనిడీస్ అనే ఆయన కూర్చుని 613కి సరిపోయేలా జాబితా వేశాడు. వీటిలో చాలావరకు బలులు, ఆలయం సంగతులు. రోమన్లు 70వ సంవత్సరంలో జెరూసలేం ఆలయాన్ని కూల్చేశాక అవి అమల్లో లేవు. హెడ్ ఉంది, ఎలాట్‌మెంట్ లేదు.

మొదటి ఏడాది నేను తప్పులు వెతకడానికే వెళ్ళాను. నిర్గమకాండం చివర్లో మందిరానికి వచ్చిన బంగారం, వెండి, ఇత్తడికి మోషే లెక్క చెప్తాడు. లెక్క చెప్పిన ప్రవక్తని నేనెప్పుడూ వినలేదు, అంచేత ఆసక్తిగా కూర్చున్నాను. తలకి అర తులం వెండి, 6,03,550 మంది. అంటే 3,01,775 తులాలు. మణుగుకి 3,000 తులాల లెక్కన 100 మణుగులా 1,775 తులాలు. పుస్తకంలో ఉన్నదీ అదే. వంద మణుగులూ వంద దిమ్మలకి, మిగిలిన 1,775 స్తంభాల కొక్కేలకి, పైపూతకి. పైసా తేడా లేదు. నిజం చెప్పొద్దూ, కొంచెం ముచ్చటేసింది.

రెండు నెలల తర్వాత సంఖ్యాకాండం వచ్చింది. లేవీయుల్లో మూడు శాఖలు: 7,500, 8,600, 6,200. కూడితే 22,300. పుస్తకంలో మొత్తం 22,000 అని ఉంది! మిగతా గోత్రాల్లో తొలిచూలు మగపిల్లలు 22,273 మంది. ఒక్కొక్కడికీ ఒక లేవీయుడు బదులు. 22,300 అని వేసుంటే అందరికీ సరిపోయి ఇంకా మిగిలేవాళ్ళు. 22,000 అని వేశారు కాబట్టి 273 మంది ఎక్కువయ్యారు, తలకి 5 తులాల చొప్పున 1,365 తులాలు వసూలు చేశారు. ఆ సొమ్ము ముట్టింది ఎవరికి? మోషే అన్న అహరోనుకి! ముప్పై ఆరేళ్ళ సర్వీసులో ఇంత శుభ్రమైన ఆబ్జెక్షన్ నాకు దొరకలేదు.

శుక్రవారం చదివితే తెలిసింది, తాల్ముడ్‌లో ఒక రోమన్ అధికారి సరిగ్గా ఇదే అడిగాడట. వెండి లెక్క గురించి మరోటి లాగి, మీ మోషే దొంగా, జూదగాడా, లేక కూడికలు రానివాడా అని కూడా అన్నాడట. ఆ మూడువందల మందీ తామే తొలిచూలు వాళ్ళు, తమకు తామే చెల్లు, ఇంకొకరికి బదులు కాలేరు అని రబ్బీ జవాబు. సమాధానం నాకు చాల్లేదు. కానీ తమ ప్రవక్తని దొంగా అని అడిగిన ప్రశ్నని చెరిపేయకుండా పుస్తకంలోనే ఉంచుకున్నారు చూడండి, అక్కడ ఆగాను. (ఇంకో సంగతి: 22,273 మంది తొలిచూలు వాళ్ళకి 6,03,550 మంది పెద్ద మగవాళ్ళంటే ఒక్కో తల్లికి సగటున ఇరవై ఏడుమందికి పైగా కొడుకులు. అంత జనం నలభై ఏళ్ళు ఎడారిలో తిరిగిన ఆనవాలు పురావస్తువాళ్ళకి దొరకలేదు. ఇది వాడికి చెప్తే "సరే, రాసుకో" అన్నాడు.)

అసలు వాదం లెక్కల మీద కాదు, విధేయత మీద. ఆజ్ఞ పాటించడమంటే ఏమిటి? ఎందుకో తెలిసి చేసేది ఆజ్ఞ ఎలా అవుతుంది? ఎందుకో తెలియకుండా చేసేదాన్ని బుద్ధి ఉన్నవాడు ఎందుకు చేయాలి? ద్వితీయోపదేశకాండంలో మాట వినని కొడుకుని ఊరంతా కలిసి రాళ్ళతో కొట్టి చంపమని ఉంది. నేను బల్ల గుద్దాను. వాడు శుక్రవారం నేను చదివిందే నాకు అప్పజెప్పాడు: రబ్బీలు ఆ శిక్షకి షరతులు పెట్టుకుంటూ పోయారు. వాడు ఇంత మాంసం తినుండాలి, ఇంత సారా తాగుండాలి, తల్లీ తండ్రీ ఒకే గొంతుతో, ఒకే రూపంతో, ఒకే ఎత్తుతో ఉండాలి. చివరికి అలాంటి కొడుకు ఎప్పుడూ లేడు, ఉండబోడు అని ఒక అభిప్రాయం. మరి రాయడం ఎందుకు? చదవడానికి!

ఇంకో చోట ఒక పొయ్యి శుద్ధమా కాదా అని రబ్బీలు కొట్టుకుంటున్నారు. ఒంటరిగా మిగిలిన ఎలియెజెర్ మహత్యాలు చూపిస్తాడు. చెట్టు కదిలింది, కాలవ వెనక్కి పారింది, గోడలు వాలాయి, ఆఖరికి ఆకాశవాణి కూడా ఆయనదే ఒప్పంది. మెజారిటీ వినలేదు. ఆజ్ఞ ఇప్పుడు ఆకాశంలో లేదు, మన దగ్గరుంది, ఆకాశవాణి సాక్ష్యం చెల్లదు అన్నారు. మన హేతువాద సభల్లో ఈ కథ చెప్తే చప్పట్లు పడతాయి. ఆ తర్వాత అదే మెజారిటీ ఎలియెజెర్‌ని వెలివేసింది. ఆ ముక్క కూడా చెప్పాలి.

ఇక నా సంగతి. ప్రతి ఏడో ఏట అప్పులన్నీ మాఫీ చేయమని ఆజ్ఞ ఉంది. ఏడో ఏడు దగ్గరపడుతోందని బీదవాడికి అప్పివ్వడం మానొద్దనీ అక్కడే ఉంది. జనం మానేశారు. అప్పుడు హిల్లెల్ అనే ఆయన, క్రీస్తుపూర్వం చివరి రోజుల్లో, ప్రొజ్బుల్ అని ఒక పత్రం పెట్టాడు. అప్పిచ్చినవాడు తన బాకీని కోర్టుకి అప్పగిస్తాడు. మాఫీ మనిషికీ మనిషికీ మధ్య బాకీలకే, కోర్టు వసూళ్ళకి వర్తించదు. ఆజ్ఞ ఆజ్ఞలాగే ఉంది, బీదవాడికి అప్పు పుట్టింది. బుక్ ఎడ్జస్ట్‌మెంట్! నేను నవ్వాను. నవ్వుతూనే ఆగిపోయాను.

1990లలో ఒక ఆఫీసులో ఉన్నప్పుడు ఒకావిడ కుటుంబ పెన్షన్ కాగితాలు నా టేబుల్‌కి వచ్చాయి. భర్త సర్వీసు పుస్తకంలో ఆవిడ పేరు ఒకలా ఉంది, మరణ ధృవపత్రంతో జత చేసిన కాగితంలో ఒక అక్షరం తేడా. వెనక్కి పంపాను. అఫిడవిట్ తెచ్చింది. దాని మీద ఊరి పేరు తేడా. మళ్ళీ పంపాను. మూడోసారీ పంపాను. పదకొండు నెలలు. ఆ పదకొండు నెలలూ ఆవిడ ఎవరిళ్ళల్లోనో అంట్లు తోమిందని తర్వాత ఒక ప్యూన్ చెప్పాడు. ఎవరూ నన్ను తప్పు పట్టలేదు. రూల్ ప్రకారమే చేశాను. అలాంటి కేసుల్లో తాత్కాలికంగా కొంత మంజూరు చేసే వెసులుబాటు అదే పుస్తకంలో రెండు పేజీల అవతల ఉంది. నాకు తెలుసు. తిప్పలేదు. తిప్పితే నోట్ రాయాలి, సంతకం నాది ఉంటుంది, రేపు ఎవరైనా ఆబ్జెక్షన్ వేస్తే జవాబు నేను చెప్పాలి. వెనక్కి పంపితే జవాబు చెప్పేది రూలు.

దేవుణ్ణి నమ్మనివాణ్ణి ఇంత భక్తిగా ఎలా బతికానా అని ఆ రోజు అనిపించింది. ఇది నేను వాడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. వాడు ఓదార్చలేదు. "రెండు పేజీలేనా?" అన్నాడు.

అయినా నేను లొంగిపోలేదు. నా ఆబ్జెక్షన్ నాకుంది. మా కోడ్ పుస్తకాల్లో కరెక్షన్ స్లిప్పులు అతికించడం కొత్తగా చేరినవాడి మొదటి పని. పేరా ఫలానా రద్దు, దాని బదులు ఇది చదువుకోవలెను. జిగురు డబ్బా పెట్టుకుని నెలల తరబడి అతికించాను. తోరాకి స్లిప్పు లేదు. దేన్నీ కలపొద్దు, తీసేయొద్దు అని అందులోనే ఉంది. కొడుకుని చంపమన్న పేరా అమలు చేయరు, రద్దూ చేయరు. కనాను జాతుల్లో ఊపిరున్నదాన్ని దేన్నీ బతకనివ్వొద్దన్న ఆజ్ఞ మాటేమిటి అంటే, ఆ జాతులు ఇప్పుడు లేవు కదా అంటారు. ఇది జవాబా? పార్టీ ఆచూకీ లేదు గనక ఫైలు మూసేశాం అన్నట్టుంది. పేరా అలాగే పడి ఉంది, రేపు ఎవడో ఒకడు కొత్త పార్టీ పేరు రాసుకుంటాడు. దీనికి వాడి దగ్గర సమాధానం లేదు. లేదని ఒప్పుకున్నాడు కూడా.

అంబేద్కర్‌ని తెచ్చాను. 1936 నాటి కులనిర్మూలన వ్యాసంలో ఆయన నియమం వేరు, సూత్రం వేరు అంటాడు. నియమం ఇలా చెయ్ అంటుంది, సూత్రం ఆలోచించుకోమంటుంది. విధినిషేధాల మూటని మతమనడమే తప్పు అని ఆయన వాదన. ఇది నా తురుపు ముక్క అనుకున్నాను. వాడి గోడ మీద కూడా ఆయన ఫొటో ఉంది. వాడు దానివైపు చూసి, "మరి 1956లో నాగపూర్‌లో జనంతో ఇరవైరెండు ప్రతిజ్ఞలు చేయించింది ఎవర్రా?" అన్నాడు. నేను టీ అడిగాను.

నేను తెచ్చిన పెద్ద ముక్క ఇంకోటుంది. అది చెప్పాలా వద్దా అని రెండు వారాలు తటపటాయించాను. రబ్బీల లెక్కలో యూదుడు కానివాడికి 613 లేవు, ఏడే. పైగా యూదుడు కానివాడు విశ్రాంతి దినాన్ని పూర్తిగా పాటించడం తప్పు అని తాల్ముడ్‌లోనే ఉంది. అంటే వీణ్ణి వాళ్ళు యూదుడిగా ఒప్పుకోనంతవరకూ, వీడు శనివారం పాటించడమే ఒక ఉల్లంఘన! చెప్పేశాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "పర్మిషన్ వచ్చాకే ముట్టుకుందాం అనుకుంటే మావాళ్ళు ఇంకా చెరువు గట్టు మీదే నిలబడి ఉండేవాళ్ళు."

గత జనవరిలో ఒక శనివారం. ఖరగ్‌పూర్‌లో చలి ఎక్కువగా ఉంది. వాడు శుక్రవారం పొద్దుగూకాక పొయ్యి వెలిగించడు, టీ ముందే కాచి ఫ్లాస్కులో పోస్తుంది వాళ్ళావిడ. ఆ ఫ్లాస్కు పాతది, పదిన్నరకే చల్లారిపోయింది. నాకు లేని ఆజ్ఞ కదా, నేను వెలిగిస్తాను అన్నాను. ఐరోపాలో యూదుల ఇళ్ళల్లో శనివారం పొయ్యి రాజేయడానికి పొరుగు క్రైస్తవులు వచ్చేవారని మేమిద్దరం చదివిందే. వద్దన్నాడు. నీకోసం నువ్వు కాచుకుంటే నీ ఇష్టం, నాకోసం వద్దు.

"ఎందుకురా, ఇందులో తప్పేముంది?"

"మీవాళ్ళు ముట్టుకోకూడదని పెట్టుకున్నవన్నీ ఎవరి చేత చేయించారు? చచ్చిన గొడ్డుని ఎవరు ఈడ్చారు? తోలు ఎవరు ఒలిచారు? ఇప్పుడు నేనొక కూడదు పెట్టుకుని, ఆ పని నీ చేత చేయించనా?"

కోపంగా అనలేదు. నాకు మా క్వార్టర్ వెనక వరండా గుర్తొచ్చింది. అక్కడ గూట్లో ఒక సత్తు గ్లాసు ఉండేది. వీడు ఆడుకోడానికి వచ్చినప్పుడు మంచినీళ్ళు అందులోనే. తాగాక వీడే కడిగి బోర్లించాలి. మా అమ్మ మంచిది, వీణ్ణి బాబూ అని పిలిచేది, పండగకి అరిసెలు పెట్టేది. ఆ రూలు ఎక్కడా రాసిలేదు. మా అమ్మకి చదువే రాదు. నేను ఎనిమిదో తరగతిలోనే విగ్రహాలకి దండం పెట్టడం మానేసి ఇంట్లో గొడవపడ్డాను. ఆ గ్లాసు గురించి మాత్రం ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు.

"గ్లాసు గుర్తుందా?" అన్నాను.

"పక్కన సొట్ట ఉండేది" అన్నాడు వాడు.

చల్లటి టీ ఇద్దరం తాగాం.

ఈ ఏడు మళ్ళీ సంఖ్యాకాండం మొదలైంది. లేవీయుల మూడు శాఖల దగ్గరికి వచ్చేసరికి, పోయినేడు నేనే తప్పు కూడానేమో అని వాడికి అనుమానం. సరిచూద్దామని జేబులోంచి కాలిక్యులేటర్ తీశాను. శనివారం వాడి ఇంట్లో రాత లేదు, మీటలు నొక్కడం లేదు. "నీకు లేదుగా రూలు, నొక్కుకో" అన్నాడు. దాన్ని మళ్ళీ జేబులో పెట్టేసి నోటితోనే కూడాను. ఏడువేల ఐదొందలు, ఎనిమిదివేల ఆరొందలు... ఇరవైరెండు వేల మూడొందలే వచ్చింది.